పన్నెండు మాంసం డబ్బాలు

మా అన్న మనుమరాలు ఈ మధ్యే కస్టమ్స్‌లో ఇన్‌స్పెక్టరుగా చేరింది. శిక్షణలో ఉండగా ఒకరోజు ఫోన్ చేసి, "తాతా, ప్యాసింజర్ దగ్గర మాంసం పచ్చడో, మాంసం డబ్బాలో దొరికితే మీరేం చేసేటోళ్లు?" అని అడిగింది. రూలు ఆమె దగ్గరే ఉంది, నన్ను అడగాల్సిన పని లేదు. ముసలాయన సంతోషిస్తాడని అడిగి ఉంటుంది. "పారేసేటోళ్లం" అని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఆ జవాబు సగం అబద్ధం. మిగిలిన సగం ఫోన్లో చెప్పేది కాదు కనుక ఇక్కడ రాస్తున్నాను. ఆమె కోసమే కాదు, ఆ తెల్ల చొక్కా వేసుకుని బల్ల వెనక నిలబడబోయే పిల్లలందరి కోసం.

ముక్కుతో చేసిన ఉద్యోగం

ముప్పై ఏళ్లకు పైగా చేశాను. కొన్ని ప్రమోషన్లు వచ్చాయి, కొన్ని రాలేదు, వాటితో మీకు పనిలేదు. బంగారం పట్టుకున్న కథలు కూడా చెప్పను. రిటైరైన ప్రతి కస్టమ్స్ వాడూ అవే చెబుతాడు, అందులో సగం పక్కవాడు పట్టుకున్నవే.

నేను తిండి గురించి రాస్తాను. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్లంతా ఆ రోజుల్లో బొంబాయి మీదుగానే పోయేవారు, అక్కడే దిగేవారు. నేను ఎనభైల్లో అక్కడి విమానాశ్రయంలో పనిచేశాను. పాస్‌పోర్టులో ఊరి పేరు చదవకముందే సంచి వాసన నాకు ఊరు చెప్పేది. మామిడికాయ తొక్కు, వెల్లుల్లి కారం, సకినాలు, వాటన్నిటి అడుగున పాత చీరలో చుట్టిన మాంసం. మా హాల్లో నేనొక్కడినే ఆ వైపు వాడిని. అందుకని అటువాళ్ల సంచులన్నీ నా బల్ల మీదికే తోసేవారు. "నీ చుట్టాలొచ్చారు" అని ఎగతాళి చేసేవారు. నేనూ నవ్వేవాడిని. చుట్టాలని ఒప్పుకోవడం నాకు ఇష్టం ఉండేది కాదు.

కాకులు కొట్టిన ఇల్లాలు

ఒట్టి తునకలంటే తెలియనివాళ్లకు చెబుతాను. యాట, అంటే మేక మాంసాన్ని పొడుగు ముక్కలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, తాడు మీద ఎండబెడతారు. కట్టెలా ఎండిపోయాక నెలల తరబడి ఉంటాయి. గల్ఫ్‌కు పోయేవాడికి ఇంటి నుంచి అంతకన్నా మంచి సామాను లేదు.

సిరిసిల్ల నుంచి నర్సయ్య అనే సాంచాల (మరమగ్గాల) కార్మికుడు ఒకాయన గల్ఫ్‌కు వెళ్తున్నాడు. అతని దిండు మరీ గట్టిగా ఉందని విప్పించాను. దూదికి బదులు తునకలు. మన దేశం నుంచి బయటికి తీసుకుపోవడానికి మాకు అభ్యంతరం లేదు, కానీ అటు దిగగానే అక్కడి వాళ్లు మాంసం కనబడితే అడక్కుండా చెత్తలో వేసేవారు. కొందరిని గంటల తరబడి నిలబెట్టేవారు కూడా. అదే చెప్పాను.

"పారేస్తరా సార్?" అన్నాడు. "పారేసుడెందుకు? మా ఇంటామె పది దినాలు మిద్దె మీద కాకులు కొట్టుకుంట కూసున్నది."

గోడవార కూర్చుని, దిండు ఒళ్లో పెట్టుకుని, వరుసలో ఉన్న వాళ్లందరికీ పంచడం మొదలుపెట్టాడు. ముస్లింలు, మలయాళీలు, పంజాబీలు, అందరూ నమిలారు. నాకూ ఒకటి ఇచ్చాడు. యూనిఫాంలో ఉన్నానని తీసుకోలేదు. నోరూరింది, కానీ తీసుకోలేదు.

నర్సయ్యకు నేను కారణం చెప్పలేదు. నాకే తెలియదు. వాసన వస్తుందని పారేస్తారని అనుకునేవాణ్ని. పశువుల రోగాలు మాంసంతో పాటు దేశాలు దాటుతాయని, గాలికుంటు లాంటిది ఒక్క ముక్కతో మందలకు మందలను పడగొట్టగలదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అదే ఆనాడు చెప్పి ఉంటే, పశువులున్న ఇంటి నుంచి వచ్చిన నర్సయ్య నాకన్నా బాగా అర్థం చేసుకునేవాడు. రూలు చెప్పేటప్పుడు కారణం కూడా చెప్పండి. కారణం మీకే తెలియకపోతే ముందు తెలుసుకోండి.

దబ్బనం, తక్కెడ

పోయేవాళ్లతో కన్నా వచ్చేవాళ్లతో తలనొప్పి ఎక్కువ. క్యాంపు వంటశాలల్లో వాడే డబ్బాలు తెచ్చేవారు. పొట్టేలు మాంసం, చేపలు, శనగలు. ఇప్పుడు మాంసం విషయంలో పర్మిట్లు, క్వారంటైన్ వాళ్లు, చాలా కట్టుదిట్టం. అప్పట్లో మా దృష్టి మాంసం మీద కాదు, డబ్బాలో మాంసం కాకుండా ఇంకేముందా అని. ఒకసారి అనాసపండు డబ్బాల్లో బంగారం బిళ్లలు దొరికాయి. ఆ తర్వాత అనుమానం వచ్చిన ప్రతి డబ్బానూ దబ్బనంతో పొడవమని ఆర్డరు. పొడిచిన డబ్బా బొంబాయి బస్సు ఆర్మూరు దాటేలోపు కుళ్లిపోతుంది. బస్సువాళ్లు తిట్టి బయట పారేయించేవారు.

నా సూపరింటెండెంటు కొంకణం మనిషి. తక్కువ మాట్లాడేవాడు. అతను నాకు వేరే పద్ధతి నేర్పాడు. ఒకే సైజు డబ్బాలను ఒక్కొక్కటే తూచమన్నాడు. చెవి దగ్గర ఊపి చూడమన్నాడు. "బంగారాన్ని ఎక్కడైనా దాస్తారు, బరువును దాచలేరు" అనేవాడు. ఆ తక్కెడ వచ్చాక నేను దబ్బనం పట్టింది చాలా తక్కువ. నా సర్వీసులో నేర్చుకున్న మంచి పనుల్లో అదొకటి. అతనే తర్వాత నాకు ఒక చెడ్డ సలహా కూడా ఇచ్చాడు. అది ముందు ముందు చెబుతాను.

మనవాళ్లు చేసే పిచ్చిపని ఒకటుండేది. కస్టమ్స్ వాళ్లు డబ్బా మీద అంటించిన కాగితం చదివే సుంకం వేస్తారని, కాగితం లేకపోతే సుంకం లేదని క్యాంపుల్లో ఎవడో పుట్టించాడు. దాంతో బయలుదేరే ముందు డబ్బాలను బకెట్లో నానబెట్టి, కాగితాలు గీకేసి, తళతళలాడే ఉత్త రేకు డబ్బాలు తెచ్చేవారు. కాగితం ఉన్న డబ్బా మీద ఎవడికీ అనుమానం రాదు. ఉత్త డబ్బా కనిపిస్తే ఎవడైనా చెయ్యి వేస్తాడు. ఈ పుకారు తప్పని నాకు తెలుసు. వందసార్లు నవ్వుకున్నాను గానీ, ఒక్కసారీ ఒక్కరినీ కూర్చోబెట్టి చెప్పలేదు.

రాజయ్య

ఇప్పుడు మా ఇంటి సంగతి రాయాలి. మాది కొడిమ్యాల వైపు ఒక ఊరు. ఊళ్లో మమ్మల్ని దొరలు అనేవారు. నేను ఉద్యోగంలో చేరిన కొన్నాళ్లకే ఊళ్లోకి నక్సలైట్ల కూలీ సంఘాలొచ్చాయి. మా గడి, అంటే దొరల కోట లాంటి ఇంటి ముందు ఎర్రజెండా పాతారు. మా నాన్నను బాపు అనేవాళ్లం. బాపు గడికి తాళం వేసి జగిత్యాలకు మారాడు. ఆ జెండాను నేను కళ్లతో చూడలేదు, కానీ చూసినవాళ్లకన్నా ఎక్కువగా అసహ్యించుకున్నాను. దాని వెనక ఏముందో, మా గడిలో ఎవరు ఎన్నేళ్లు ఊరికే చాకిరీ చేశారో ఆలోచించలేదు.

ఒకరోజు పొద్దున ఫ్లయిటు దిగినవాళ్లలో ఒకడు నా బల్ల ముందు ఆగి, నా ముఖంలోకి చూసి, గబుక్కున చేతులు జోడించాడు.

"దొరా! చిన్నదొర గదా మీరు? నేను రాజయ్యను. గౌండ్ల లస్మయ్య కొడుకును."

కల్లు గీసే లస్మయ్య రోజూ పొద్దున్నే మా గడికి కల్లు తెచ్చి పెట్టి పోయేవాడు. దానికి ఎవరూ ఏమీ ఇచ్చేది లేదు. రాజయ్య నా ఈడువాడే. చిన్నప్పుడు అతను చెట్టెక్కుతుంటే కింద నిలబడి చూసేవాణ్ని.

"ఏంరా రాజిగా, నువ్వెప్పుడు పోయినవ్ దుబాయికి?" అన్నాను. ప్యాసింజరును 'ఏరా' అనకూడదని మా సూపరింటెండెంటు కచ్చితంగా చెప్పేవాడు. ఊరివాడే కదా అనుకున్నాను. పక్క బల్లల వాళ్ల ముందు ఒకడు నాకు దండం పెట్టడం నాకు బాగుండింది కూడా. దాచడం ఎందుకు?

సంచి విప్పాడు. రెండు చీరలు, ఒక టార్చిలైటు, పన్నెండు డబ్బాలు. ఒక్కదానికీ కాగితం లేదు.

"గీండ్లల్ల ఏమున్నదిరా?"

"పొట్టేలు కూర దొరా. క్యాంపుల గిదే పెడ్తరు. నా పెండ్లాం ఉత్తరం రాయించినప్పుడల్ల అడుగుతది, ఆడ ఏం తింటున్నవయ్యా అని. ఎట్ల జెప్పాలె? సూపెడ్దామని తెస్తున్న."

పన్నెండూ తూచాను. బరువులన్నీ ఒకటే. ఊపి చూశాను. దబ్బనం ముట్టుకోలేదు. పాసైనట్టు ఒక్కో డబ్బా మీద చాక్‌పీసుతో ఇంటూ గుర్తు గీశాను. మంచిపని చేశాననే అనుకున్నాను.

అతను కదల్లేదు. "దొరా, ఒక చీటి రాసియ్యున్రి. జగిత్యాల దాటినంక పోలీసోళ్లు బస్సులాపి సంచులు ఇప్పిస్తున్నరంట. కాగితం లేని డబ్బాలాయె. అడిగితె ఏం జూపియ్యాలె?"

"గుర్తు పెట్టిన గదరా. చాలు, పో."

ఒక్క వాక్యం. ఫలానా ప్యాసింజరు దగ్గర పన్నెండు మాంసం డబ్బాలు తనిఖీ చేసి వదిలాం అని రాసి సంతకం చేస్తే అయిపోయేది. అలా రాసివ్వాలని రూలు లేదు, రాయకూడదనీ లేదు. కానీ మా ఇంట్లో ఊరివాళ్లకు కాగితం రాసిచ్చే అలవాటు లేదు. కౌలుకైనా, తగువుకైనా దొర నోటిమాటే. కాగితం చేతికిస్తే రేపు వాడు మనల్ని నిలదీస్తాడని బాపు అనేవాడు. నేను బొంబాయిలో ప్యాంటు చొక్కా వేసుకుని, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ, ఆ అలవాటును మాత్రం ఇంటి నుంచి వెంట తెచ్చుకున్నాను. దాన్ని ఏ కస్టమ్సూ ఆపలేదు.

మక్క చేనులో

తర్వాత జరిగింది చాలావరకు రాజయ్య తమ్ముడు చెప్పగా తెలిసింది. ఠాణా పేరు రాయను.

జగిత్యాలలో బస్సు మారి ఊరికి పోతుంటే దారిలో పోలీసులు ఆపారు. ఆ రోజుల్లో కల్వర్టుల కింద మందుపాతరలు పేలి పోలీసులు చచ్చిపోతున్నారు. వాళ్ల భయం నిజమైన భయమే, అది నేను కాదనను. పేర్లు లేని పన్నెండు రేకు డబ్బాలు, ఒక్కోదాని మీద తెల్లటి ఇంటూ గుర్తు. ఆ గుర్తులే వాళ్లను ఎక్కువ భయపెట్టాయి. దేని సంకేతమో అనుకున్నారు.

బస్సును పంపేశారు. రాజయ్యను కోసేసిన మక్కజొన్న చేను నడుమ కూర్చోబెట్టి, డబ్బాలు ముందు పెట్టి, అన్నీ తనే తెరవాలన్నారు. వాళ్లు రోడ్డు కట్ట వెనక పడుకున్నారు. రాజయ్య ఒక మేకునూ రాయినీ పట్టుకుని ఎండలో పన్నెండు డబ్బాలూ తెరిచాడు. ఒక్కోటి తెరిచి ఎత్తి చూపించాలి, కూర నేల మీద కుమ్మరించాలి, ఇంకోటి అందుకోవాలి. భార్యకు చూపిద్దామని తెచ్చినదంతా మట్టిలో పడింది.

బాంబులు కావని తేలింది. అంతటితో వదిలేస్తారని మీరనుకుంటారు. రాజయ్య కూడా అలాగే అనుకున్నాడు. కానీ ఎస్సై లేచి వచ్చి, ఆ కూర చూసి, "గిన్ని దినాలు కరాబ్ గాని తిండి ఎవలకురా? అడవిల ఉన్నోళ్లకు గాదా?" అన్నాడు.

"నా పెండ్లానికి సార్. సూపెట్టనీకి."

పోలీసులు నవ్వారట. తర్వాత జీపెక్కించారు.

పదకొండు రోజులు

రాజయ్య భార్య పేరు మల్లవ్వ. మర్నాడే జగిత్యాలలో మా బాపు దగ్గరికి వచ్చింది. ఆ సాయంత్రం ఆఫీసుకు బాపు ట్రంకాల్ చేశాడు.

"రాజిగాని పెండ్లాం అచ్చింది. డబ్బాలు నువ్వే పాస్ జేసినవట. చీటి రాసియ్యమంటున్నది. నువ్వేం రాయకు."

"ఎందుకు బాపు? నేనే చూసిన. ఉత్త కూర."

"రేపు గవి ఆళ్లకే పోతుండెనని తేలితే కింద నీ సంతకం ఉంటది. మన ఇంటి ముందట జెండ పాతినోళ్లల్ల వాని తమ్ముడు లేడా? నీకేం తెల్సు?"

సూపరింటెండెంటును అడిగాను. మంచి సలహా ఇస్తాడని కాదు, వద్దంటాడనే అడిగానేమో. టీ కప్పు పక్కన పెట్టి, "లిఖ్‌కర్ మత్ దేనా" అన్నాడు. అంటే రాసి ఇవ్వొద్దని. మన పని గేటు దగ్గర అయిపోయింది, అక్కడి పోలీసులతో మనకెందుకు అన్నాడు. నాకు కావలసింది దొరికింది.

మూడో రోజు, విచారణ చేసి వాళ్లే వదిలేస్తారులే అనుకున్నాను. అయిదో రోజు బాపు మళ్లీ ఫోన్ చేశాడు, ఆమె మళ్లీ వచ్చిందని. ఎనిమిదో రోజు మూడోసారి. "వాకిట్ల కూసున్నది, లేస్తలేదు" అన్నాడు. అప్పటికి బాపు గొంతు కూడా కొంచెం తగ్గింది, కానీ రాయమని అనలేదు. నేనూ రాస్తానని అనలేదు. రోజూ డ్యూటీకి వెళ్లాను, డబ్బాలు తూచాను. గడి ముందు జెండా పాతిన చేతుల్లో రాజయ్య చేతులు కూడా ఉన్నాయేమో అని ఒకసారి అనుకున్నాను. ఉన్నా, ఆ డబ్బాల్లో ఉన్నది కూరే కదా! ఆ మాట నాకు నేను చెప్పుకోవడానికి పదకొండు రోజులు పట్టింది.

పదకొండో రోజు ఎవరినీ అడక్కుండా జిల్లా పోలీసు అధికారికి టెలిగ్రాం ఇచ్చాను. వెనకాలే సంతకం, హోదా, ముద్రతో రిజిస్టరు ఉత్తరం పంపాను. టెలిగ్రాం చేరిన మర్నాడు రాజయ్యను వదిలేశారు.

నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. ఒక మెమో లేదు, ఒక ప్రశ్న లేదు. ఏదైనా అయ్యుంటే కొంచెం బాగుండేదేమో. మొదటిరోజు రాసినా ఇంతే జరిగేదని, మొదటిరోజే వదిలేసేవారని దాంతో రుజువైపోయింది.

ఠాణాలో కొట్టిన దెబ్బలకు రాజయ్య అరికాళ్లు పచ్చిపుండ్లయ్యాయి. కుడి మడమ మళ్లీ సరిగా ఆనలేదు. సెలవు అయిపోయేనాటికి నడవలేకపోయాడు, కంపెనీ వీసా రద్దు చేసింది. మళ్లీ దేశం దాటలేదు. తాడి ఎక్కడానికి కూడా కాళ్లు పనికిరాలేదు.

బల్ల వెనక నిలబడేవాళ్లకు

ఇప్పుడు మాంసం డబ్బాలను మీరు ఆపాల్సిందే. ఆపండి, రూలు మంచిదే. కారణం చెప్పి ఆపండి. వాళ్లు తిన్నదాన్నీ, ఇంట్లో ఎండబెట్టినదాన్నీ చూసి ముక్కు మూసుకోకండి. ఆపినదానికీ, వదిలినదానికీ కూడా ఎవరైనా కాగితం అడిగితే రాసివ్వండి. మీ గేటు దాటాక వాళ్లకు ఇంకా చాలా గేట్లు ఉంటాయి. అక్కడ మీరు ఉండరు.

వద్దని చెప్పే పైఅధికారి ఎప్పుడూ దొరుకుతాడు. మా సూపరింటెండెంటు చెడ్డవాడు కాదు, మా బాపు నా మేలు కోరే చెప్పాడు. వాళ్లమీద తోసేసి నేను చాలా ఏళ్లు బతికాను. అడగడానికి పోవడమే నా తప్పు.

కార్జాల బండి

రిటైరయ్యాక, ఊళ్లో అంతా సద్దుమణిగాక, గడి స్థలం అమ్మే పని మీద వెళ్లాను. రాజయ్య కల్లు అమ్మే మండువ పక్కన చిన్న బండి పెట్టుకుని ఉడికించిన శనగ గుడాలు, కోడి కార్జాలు (లివరు ముక్కలు) వేయించి అమ్ముతున్నాడు. బండికి ఒక చెయ్యి ఆనించి నిలబడ్డాడు. మల్లవ్వ వెనక పీట మీద కూర్చుని ఉల్లిగడ్డ కోస్తోంది. నన్ను చూసి లేవలేదు.

"రాజయ్యా" అన్నాను. అలా పిలవడం అదే మొదటిసారి.

"కూసోండ్రి దొరా" అని స్టూలు చూపించాడు.

ఇన్నేళ్లు దాచుకున్న మాట అన్నాను. "నేను ఆలస్యం చేసిన రాజయ్యా."

అతను కార్జాలు తిప్పుతూనే, "గుర్తులు గీసినోని పేరు జెప్పుమని కొట్టిన్రు దొరా. నేను జెప్పలే" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "ఎందుకు చెప్పలే? చెప్తే నన్ను అడుగుతుండ్రి గదా. ఆ రోజే ఇడుస్తుండ్రి."

"ఇడుస్తుండ్రో, మిమ్ముల గూడ గుంజుతుండ్రో, ఎవలకెర్క? మీ నౌకరి పోతుండె. ఆళ్లు గుంజితె మీరు చెప్పుడు వేరు, మీరంతట మీరు రాసుడు వేరు. అందుకే ఠాణ ఊడ్సే అవ్వతోని ఇంటామెకు కబురంపిన. సప్పుడు గాకుంట పెద్దదొరకు జెప్పు, చిన్నదొరకు ఎర్కైతె సాలు, ఆయనే రాస్తడు అని."

మొత్తం పదకొండు రోజులూ అతను నా ఉద్యోగాన్ని కాపాడుతూ కూర్చున్నాడు. నేనూ అదే పనిలో ఉన్నాను.

ఏదో ఒకటి అనాలి కదా అని, "నువ్వు నా పేరు దాస్తున్నవని నాకు తెల్వకపాయె రాజయ్యా" అన్నాను.

మల్లవ్వ తల ఎత్తకుండానే అడిగింది. "గది తెల్వదు, సరే. ఠాణల ఉన్నడని తెల్సు గదా?"

"తెల్సు" అన్నాను.